రైతు సేవా కేంద్రం: ఈ-పంటలో పేరు లేని సేద్యం

పాత చిత్తూరు జిల్లాలో ఏ సచివాలయ గ్రామానికి పోయినా రైతు సేవా కేంద్రం బోర్డు కనిపిస్తుంది. 2020 మే 30న ఇవి రైతు భరోసా కేంద్రాల పేరుతో రాష్ట్రమంతటా 10,641 చోట్ల మొదలయ్యాయి. 2024లో ప్రభుత్వం మారాక పేరు మారింది. కేంద్రం దేని ఆధారంగా నడుస్తుందో అది మాత్రం మారలేదు. ఆ ఆధారం పేరు ఈ-పంట. అందులో ఎవరి పేరుంటే వాళ్లే ప్రభుత్వం దృష్టిలో రైతులు. దళితవాడల్లో సేద్యం చేసేవాళ్లలో ఎందరి పేరు అందులో ఉంది? ఈ కేంద్రాల పనితీరును మనం కొలవాల్సింది ఈ ప్రశ్నతోనే.

గ్రామసేవకుడి నుంచి గ్రామ సహాయకుడి దాకా

వ్యవసాయ విస్తరణ అంటే పరిశోధన కేంద్రంలో తేలిన విషయాన్ని పొలం దాకా తీసుకురావడం. స్వాతంత్ర్యం తర్వాత 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో గ్రామసేవకులు వచ్చారు. ఆ తర్వాత మండల వ్యవసాయాధికారులు, విస్తరణాధికారులు వచ్చారు. ఒక్కో అధికారి కింద ఎన్నో ఊళ్లుండేవి. సార్ ఊరికొచ్చినా పెద్ద రైతు ఇంటి అరుగు దాకానే గానీ వాడ దాకా రాలేదన్నది మన పెద్దలు నేటికీ చెప్పే మాట.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఊరి స్థాయిలోనే వ్యవసాయ సహాయకులను నియమించారు. పంటలను బట్టి ఉద్యాన, పట్టు సహాయకులను, పాడి కోసం పశుసంవర్ధక సహాయకులను పెట్టారు. పోటీ పరీక్ష రాసి, రిజర్వేషన్లతో ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన దళిత యువత కూడా ఉన్నారు. అధికారి ఊరికి దగ్గరయ్యాడన్నది నిజం. దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు.

కేంద్రంలో దొరికేవి

సబ్సిడీ విత్తనం, ఎరువులు, మట్టి పరీక్షకు నమూనా పంపడం, తెగుళ్లపై సలహా, పంటల బీమా, నష్టపరిహారం లెక్క, పంట కొనుగోలుకు నమోదు ఇక్కడి పనులు. ఫోన్‌లో సలహాకు 155251 నంబరు ఉంది. మెట్ట చేలల్లో ఖరీఫ్ చెనక్కాయకు ఇచ్చే విత్తనంలో ఎక్కువగా కనిపించే కె-6 రకం కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం నారాయణి, ధరణి రకాలను ఇచ్చింది. పలమనేరు, కుప్పం వైపు పట్టు సాగు, తూర్పున మామిడి, చెరకు, జిల్లా అంతటా పాడి ఉన్నాయి.

ఈ-పంట ఎలా నమోదవుతుంది

ప్రతి సీజన్‌లో గ్రామ సహాయకులు సర్వే నంబరు వారీగా పంటను నమోదు చేస్తారు. పొలానికి వెళ్లి ఫొటో తీస్తారు. రైతు వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేయాలి. వ్యవసాయ సహాయకులతో పాటు వీఆర్వో కూడా ధ్రువీకరించాలి. ఆ తర్వాత జాబితాను కేంద్రంలో అతికించి సామాజిక తనిఖీ జరపాలి. అభ్యంతరం చెప్పే అవకాశం అప్పుడే.

పేరు లేకపోతే ఏం పోతుందో 2025 మామిడి సీజన్‌లో చూశాం. తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు అందాలని ప్రభుత్వం ప్రకటించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలి. ప్రభుత్వ వాటా నమోదైన రైతు ఖాతాకే చేరుతుంది. తోటను గుత్తకు తీసుకుని మందు కొట్టి, కాపలా కాసినవాళ్ల పేరు ఎక్కడా లేకపోతే ఆ 4 రూపాయలు వాళ్లవి కావు.

మన పేరు ఎక్కడ జారిపోతుంది

2011 జనాభా లెక్కల్లో దేశంలో దళితులు నూటికి 16 మందికి పైగా ఉన్నారు. వాళ్ల చేతిలోని సాగుభూమి మాత్రం నూటికి 9 వంతుల లోపే. అందుకే మనవాళ్లు ఎక్కువగా చేసేది గుత్త సేద్యం, కోరు సేద్యం, కూలి. పేరు జారిపోయే చోట్లు ముఖ్యంగా మూడు.

మొదటిది నోటిమాట గుత్త. 2011 నాటి సాగుదారుల చట్టం కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి భూయజమాని అంగీకారం అక్కర్లేదు. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకం కావాలంది. 11 నెలలకే చెల్లే ఈ కార్డు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. అయినా సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానులది. గట్టిగా అడిగితే వచ్చే ఏడు గుత్త ఉండదన్న భయం మనవాళ్లది. పీఎం-కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు ఎలాగూ భూమి పేరున్నవాళ్లకే.

రెండోది డీకేటీ పట్టా. పట్టా పొందిన తాత చనిపోయినా వెబ్‌ల్యాండ్‌లో ఆయన పేరే ఉండిపోతుంది. వారసుల పేరుకు మ్యుటేషన్ కాదు. కొన్నిచోట్ల ఆ నేలను వేరే వాళ్లే దున్నుతుంటారు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం భూమి లేని పేదలకిచ్చిన భూమిని అమ్మడాన్ని, కొనడాన్ని నిషేధించింది. మన పట్టా ఉన్న సర్వే నంబరులో సాగుదారుగా ఇంకొకరి పేరు నమోదైతే, ఆ ఈ-పంట నకలే తహసీల్దారు ముందు పెట్టాల్సిన కాగితం.

మూడోది ఆడవాళ్ల సేద్యం. నారు, కలుపు, కోత, పాడి వాళ్ల చేతుల మీదుగా నడిచినా పట్టా, బ్యాంకు ఖాతా మగవాళ్ల పేరునే ఉంటాయి. భర్త చనిపోయినా వలస పోయినా వేలిముద్ర వేసేవాళ్లు లేక నమోదు ఆగిపోతుంది.

కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగింది

సీజన్ మొదట్లోనే వాడలో ఇంటింటికీ పోయి ఎవరు ఏ సర్వే నంబరులో ఏ పంట పెట్టారో రాసుకుందాం. కేంద్రంలో జాబితా అతికించిన రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉంటే సహాయకులకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. మండల వ్యవసాయాధికారికి నకలు పంపాలి.

జాబితా అతికించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ-పంట జాబితా, కౌలు కార్డుల సంఖ్య, సబ్సిడీ విత్తనం తీసుకున్నవారి పేర్లు అడగవచ్చు.

రైతు శిక్షణ ఎక్కడ జరుగుతుందో కూడా చూడాలి. ఊళ్లో జరిగే సమావేశాన్ని ఒక్కసారైనా వాడలో పెట్టమని అడగడం చిన్న కోరికే. దానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.

సలహా, విత్తనం, సాయం ఊరి దాకా వచ్చాయి. ఊరి నుంచి వాడకు ఉన్న దూరాన్ని ఇప్పుడు ఒక జాబితా నిర్ణయిస్తోంది. దున్నినవాళ్ల పేరు అందులోకి ఎక్కే దాకా, ఎన్ని కేంద్రాలు తెరిచారన్న లెక్క మన లెక్క కాదు.