గోలెంల తాంబేలు

తాంబేలు తింటలేదని నువ్వు సుత బువ్వ మానేస్తే అది తింటదా కొడుకా? ఆ అద్దాల డబ్బ ముంగట నుంచి లేచి ఇటు రా, సలిమంట కాడ కూసో. మీ చెల్లెను సుత పిలువు. నువ్వట్ల రెప్ప కొట్టకుంట చూస్తుంటే నేనైనా ముద్ద మింగ. ఆ పత్తికట్టె జర లోపటికి ఎగదొయ్యి, పొగ నా మొకానికే కొడ్తున్నది. ఆఁ, చాలు.

నువ్వు దుకాన్ల కొన్నవు. మా కాలంల తాంబేలును కొనుడేంది, చానా ఇండ్లల్ల చేదబాయితోని పాటే అది సుత ఉంటుండె. నేను లగ్గమై ఈ రఘునాథపల్లికి వచ్చిన్నాడు ఇది వరంగల్ జిల్లా. జనగామ జిల్లా అయింది మొన్న, 2016ల. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే పాసింజర్ల తోల్కొచ్చిండ్రు నన్ను. బొగ్గు ఇంజను, చీర నిండ నుసి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుందామని బాయి కాడికి పోయి తొంగి చూస్తే అడుగున నల్లగ ఏందో కదిలింది. కేక ఏసిన. మా ఆడబిడ్డలు ఒక్కటే నవ్వుడు. "అది మా ఇంట్ల పెద్దమనిషి వదినా, నీకంటె ముందొచ్చింది" అన్నది సిన్నది.

బాయిల తాంబేలుంటే నీళ్లు శుద్ధిగ ఉంటయని అందరి నమ్మకం. రాలిన ఆకులు, సచ్చిన కప్పలు, పురుగు పుట్ర తింటదన్నది నిజమే. తిన్నది మళ్ల అండ్లనే ఏరుగుతది గద, ఆ ముచ్చట ఎవ్వరు తియ్యకపోదురు. మా మామకు నారికురుపు లేసిన్నాడు నాకు ఆ నమ్మకం సగం పోయింది. పిక్కల నుంచి రెండు మూరల సన్నటి పురుగు ఎల్లుతుంటే చిన్న పుల్లకు చుట్టి, తెగకుంట, దినాం జరంత జరంత గుంజుతుండె. తెగిందంటె కాలు వాసుడే. దిగుడుబాయిల కురుపు కాళ్లు పెడితే ఆ పురుగు పిల్లలు నీళ్లల్ల కలుస్తయి, వాటిని కంటికానని నీటిపురుగులు మింగుతయి, ఆ నీళ్లు మనం తాగుతం. 1980లల్ల ఆరోగ్యశాఖోళ్లు ఇల్లిల్లు తిరిగి నీళ్లు గుడ్డతోని వడగట్టుకొమ్మని చెప్పిండ్రు. 2000ల మన దేశంల ఇగ నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థోళ్లు కాయితం ఇచ్చిండ్రు. దాన్ని పోగొట్టింది గుడ్డపేలిక, తాంబేలు గాదు.

తాంబేలు కాడికే వస్తున్న, తొందరపడకు.

మా ఇంటి పాతది ఒక ఎండకాలం బాయి అడుగంటి పూడ్క తీసేటప్పటికే సచ్చిపోయి ఉన్నది. మా అత్తమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, చింతచెట్టు కింద పాతి పెట్టిపిచ్చింది. కొత్తది తేవాలె గద. చెర్ల చేపలు పట్టే ముదిరాజుల ముసలాయినకు చెప్పిపిచ్చింది. ఆయన తట్టల తడిగుడ్డ కప్పి తెచ్చిండు. వలల వడితె కూరకు పోయేదే, అడ్డెడు జొన్నలు పోసి ఇడిపిచ్చుకున్నం. నీ అరచెయ్యికి రెండింతలు ఉన్నది. ఈ నీ దాని తీరుగ గట్టి పెంకు గాదు, మీద తోలు పరిచినట్టు నున్నగ, పసరు రంగు. ముక్కు ముందుకు పొడుచుకొని ఉంటది. మెల్లగ తిప్పి చూస్తె ఎనుకపక్క రెండు తలుపులు. కాళ్లు లోపటికి గుంజుకొని ఆ తలుపులు ఏసుకుంటది. ముంగటిపక్క సుత మూసేస్తది. ఇగ అండ్ల పానం ఉన్నదా లేదా ఎవ్వలికి ఎర్క?

దాన్ని సీద బాయిల ఇడుద్దామన్నడు మీ తాత. అత్తమ్మ ఒప్పుకోలే. "అది తినుడు నా కండ్లతోని చూసినంకనే బాయిలకు. ఇప్పుడే ఇడిస్తె బతికిందో సచ్చిందో నీళ్లు కంపు కొట్టినంక గాని తెలువది" అన్నది. బాయిల వడ్డదానికి బువ్వ వెట్టేదెవరు, బాగోగులు చూసేదెవరు? అందుకే ఎనుక దొడ్లె నిమ్మచెట్టు కింద కుడితి గోలెం కడిగి అండ్ల ఏసినం.

ఏసినమా, వాడకట్టు పోరగాండ్లంత గోలెం సుట్టే. ఒకడు పుల్లతోని పొడుస్తడు, ఒకడు పెంకు మీద టకటక కొడ్తడు, ఇంకొకడు ఎత్తి బోర్ల పండవెడ్తడు. అన్నం మెతుకులు ఏసినం, ముట్టలే. జొన్నరొట్టె తునకలు ఏసినం, నాని నీళ్లు పులిసినయి. తోటకూర ఏసినం, వాడిపోయింది. దినాలు పోతున్నయి, అది తలుపులు తీస్తలేదు. నాకు ఏడుపొచ్చింది. కొత్తగ వచ్చినదాన్ని, నేను అడుగు పెట్టినంకనే పాతది సచ్చింది, కొత్తది సుత సస్తే నలుగురు ఏమంటరోనని నా బుగులు నాది.

అత్తమ్మ ఏం జేసిందో చెప్త, చెవులు పెట్టి ఇను. మొదలు చీపురు వట్టుకొని పోరగాండ్లను ఎల్లగొట్టింది. గోలెంల బాయి నీళ్లు పారవోసి, మీ తాతను చెరువుకు తోలి కావడి నీళ్లు, తట్టెడు శిఖం మట్టి తెప్పిచ్చింది. బాయి నీళ్లు సల్లగ జివ్వుమంటుండె. అదేమో ఎండకు కాగిన తేట మడుగుల తిరిగిన పానం. అడుగున మట్టి జానెడు మందం పరిచింది. ఒక పక్కకు పలకరాయి ఏటవాలుగ పెట్టింది, ఎక్కి ఎండకు కూసోనీకి. ఇంకో పక్కకు గోనెసంచి పరిచి నీడ జేసింది. దాన్ని అండ్ల ఇడువంగనే, నా కండ్ల ముంగటనే, రెండు కాళ్లతోని మట్టి కోరుకుంట కోరుకుంట మొత్తం మునిగిపోయింది. ముక్కు కొస ఒక్కటే పైకి. అప్పటిదాక అది దాసుకునే జాగ లేక పెంకుల దాసుకున్నది, అంతే. చెరువు ఎండినప్పుడు సుత గవి గట్లనే బురదల కూరుకపోయి వానల దాక పండుకుంటయి.

"ఇగ దాని మొకం ఎవ్వలు చూడద్దు. కొత్తకోడలు ముంగట నలుగురు కూసుంటె బువ్వ తింటదా?" అన్నది అత్తమ్మ. అనుకుంట నా దిక్కు చూసింది. నేను వంటింటి తలుపు సాటున నిలవడి తింటున్నది ఆమె ఎప్పుడు చూసిందో ఏమో! ఆ రాత్రి నుంచి నాకు సుత అందరికంటె ముందు ఇస్తరాకు ఏసుడు మొదలువెట్టింది.

తిండి సుత మార్చింది. మెతుకులు బందు. పెంటకుప్ప తవ్వి ఎర్రలు, పొలం గెట్ల మీది నత్తలు, సంతల తెచ్చిన సన్న పరకలు. దినాం ఒక్కటే యాళ్లకు, పొద్దుమూకేటప్పుడు, జరన్ని నీళ్లల్ల ఏసి ఎనుకకు తిరిగి చూడకుంట వచ్చుడు. తెల్లారి మిగిలినయి తీసి పారేసుడు. తిన్నదా లేదా అని నడుమ పోయి చూసినోళ్లకు చీపురు దెబ్బ, మీ తాతకు సుత.

ఒకనాడు దీపం ముట్టిచ్చే యాళ్లకు నేను నిమ్మచెట్టు కాడ బట్టలు తీస్తున్న. గోలెంల మట్టి గుప్పున లేసింది. ఒక మెడ! అంత పొడుగు మెడ దానికి ఉంటదని నేను అనుకోలే. నీళ్ల నడుమకు దుంకి ఎర్రను కొరికి, ఎంటనే లోపటికి. తర్వాత పరకను ముంగటికాళ్ల గోర్లతోని తొక్కిపట్టి చీరింది. చీరి, నీళ్లల్లనే మింగింది. ఆ ముచ్చట గుర్తువెట్టుకో, నీ పనికొస్తది. నేను బట్టలు అక్కడనే పారేసి ఉరికిన, "అత్తమ్మా తిన్నది!" అని. ఆమె పొయ్యి కాడ నుంచి లేవలే. "తినకేం జేస్తది" అన్నది.

ఇంకా నాలుగు దినాలు తింటున్నదని చూసుకొని, అప్పుడు బొక్కెనల పెట్టి, గిరక మీద నుంచి చాంతాడు మెల్లగ ఇడుసుకుంట బాయిలకు దించినం. చానా ఏండ్లు ఉన్నదది. ఆనెంక బోరింగు వచ్చె, ఆనెంక ఇంటింటికి మిషన్ భగీరథ నల్లా వచ్చె. బాయి మీద సిమెంటు బిళ్ల ఏసినం.

ఏందీ, మనం సుత చెర్ల నుంచి ఒకటి తెచ్చుకుందామా? వద్దు బిడ్డా. 1972ల వచ్చిన అడవిజంతువుల చట్టంల ఆ నీటితాంబేలును పులి ఉన్న పట్టికలనే పెట్టిండ్రు. పట్టినా, ఇంట్ల పెట్టుకున్నా మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాక జైలు. నాకైతె ఆ చట్టం మంచిగనే అనిపిస్తది. మా అత్తమ్మ తీరుగ చూసుకునేటోళ్లు ఊరికి ఎందరుంటరు? మిగిలినోళ్ల బాయిలల్ల వడ్డయి ఏమైనయో ఎవ్వలు లెక్కవెట్టలే.

తాంబేలంటె అన్నీ ఒక్కటి గాదు. మేము అరసవల్లి, సింహాచలం యాత్ర పోయిన్నాడు శ్రీకాకుళం కాడ శ్రీకూర్మం గుడికి పోయినం. అక్కడ దేవుడే కూర్మావతారం, పడమటి దిక్కు మొకం పెట్టి ఉంటడు. గుడి ఆవరణల నక్షత్ర తాంబేళ్లు. పెంకు మీద పచ్చటి గీతలు చుక్క పొడిచినట్టు. భక్తులు తెచ్చి ఇడుస్తరట. అవి మెట్టతాంబేళ్లు, ఎండిన నేల మీద గడ్డి, ఆకులు, రాలిన పూలు, పండ్లు తిని బతికేటియి. వాటిని నీళ్లల్ల ఏస్తే మునిగి సస్తయి. వాటికి ఎర్రలు పెట్టద్దు, బువ్వ పెట్టద్దు, పాలు అసలే పొయ్యద్దు. అవి తినకపోతె లోతు లేని పళ్లెంల గోరువెచ్చటి నీళ్లు పోసి, మెడ మునగకుంట జరసేపు కూసోవెట్టాలంటరు. నీళ్లు తాగినంకనే కడుపు కదులుతది. అందంగ ఉంటయని మదనపల్లి దిక్కు నుంచి సంచులల్ల కుక్కి విదేశాలకు దొంగతనంగ పంపుతుండిరి. 2019ల దేశాల నడుమ వాటి వ్యాపారమే బందువెట్టిండ్రు. వాటిని ఎవ్వలన్న ఇస్తమన్నా నువ్వు చెయ్యి చాపకు.

ఇగ నీది. కండ్ల ఎనుక ఎర్రగీత ఉన్నది గద, అది అమెరికా జాతి. మిసిసిపి నది దిక్కుదట, మీ చెల్లె ఫోన్ల చదివి చెప్పింది. దుకాన్ల రూపాయి బిళ్లంత ఉన్నదని మురిసినవు గని, పెరిగితె అడుగు పొడుగైతది, ఇరవై ముప్పై ఏండ్లు బతుకుతది. నా కంటె ఎనుక దాక ఉంటది, నీ లగ్గం సుత చూస్తది.

అది ఎందుకు తింటలేదో నేను నిన్ననే చూసిన. నువ్వు డబ్బాను కిటికి పక్క బండల మీద పెట్టినవు. ఈ పూస్ మాసంల రాత్రి బండలు ఎంత సల్లగుంటయి? మనకు ఒంట్ల వేడి పుడుతది, దానికి పుట్టది. నీళ్లు ఎంత వెచ్చగుంటె అది అంత వెచ్చగుంటది. సల్లవడితె కడుపు పనిచెయ్యది, తిన్నా లోపటనే కుళ్లుతది. దానికి ఆకలి కడుపుల ఉండది కొడుకా, ఎండల ఉంటది. నీళ్లు 25, 28 డిగ్రీల నడుమ ఉండాలె. దుకాన్ల హీటరు దొరుకుతది, మీ నాయినకు చెప్పు. పొద్దుగాల దాన్ని తొట్టిల ఏసి వాకిట్ల ఎండకు పెట్టు, సగం నీడ ఉండాలె, ఎక్కి కూసోనీకి రాయి ఉండాలె. అద్దంల నుంచి వచ్చే ఎండ దానికి పనిచెయ్యది, పెంకు మెత్తవడుతది. అద్దాల డబ్బనే ఎండకు పెట్టేవు, నీళ్లు కాగి ఉడుకుతది. పిల్లి, కాకి రాకుంట మీద జాలి కప్పు.

తిండి గోలీలు రాయి మీద పెడుతున్నవు. అది నీళ్లల్ల గాని మింగలేదు, మా గోలెందాని తీరుగనే. నీళ్లల్ల ఏయి, నాలుగంటె నాలుగే. ఇప్పుడు పిల్ల గనుక ఎర్రలు సుత పెట్టు, పెద్దగైన కొద్ది ఆకుకూర ఎక్కువ తింటది. నల్లా నీళ్లు పట్టి ఎంటనే పొయ్యకు, మందు వాసన పోయేదాక ఒక రాత్రి బొక్కెనల ఉంచు. దాన్ని ముట్టినంక సబ్బుతోని చేతులు కడుక్కోవాలె, మీ చెల్లె ముద్దు పెట్టుడు బందు. దాని ఒంటి మీద ఉండే కడుపునొప్పి క్రిములకే భయపడి అమెరికాలనే 1975ల నాలుగు అంగుళాలకు లోపటి తాంబేళ్లను అమ్ముడు బందువెట్టిండ్రు. మనకు మాత్రం బిళ్లంతయి అమ్ముతుండ్రు, చూడు.

ఎండ, రాయి, వెచ్చటి నీళ్లు ఇచ్చినంక సుత వారం పది దినాలు ముట్టకపోతె, కండ్లు వాసినా, ముక్కుల నుంచి బుడగలొచ్చినా, ఒక పక్కకు ఒరిగి ఈదినా, అది అలిగినట్టు గాదు, రోగం. మీ నాయినతోని మామునూరు పశువైద్య కళాశాలకు తీస్కపో. ఇసుగొచ్చి చెర్ల మాత్రం ఇడువకు. అది మన చెర్ల తాంబేళ్ల తిండి, జాగ గుంజుకుంటది. లోకంల పాడు చేసే వంద జాతులల్ల దాని పేరు సుత రాసుకున్నరట.

డబ్బ మీద ఒక పాత తుండుగుడ్డ సగం కప్పు, నీ మొకం దానికి కానద్దు. పోయి కప్పి రా, వచ్చి బువ్వ తిను. ఇంకొక మాట. నీ సెలవులు అయిపోయి నువ్వు హైదరాబాద్ పోయినంక నీళ్లు మార్చుడు నా తోని గాదు, నడుము వంగది. ఆ పని ఎవ్వలు చేస్తరో ఇయ్యాళ్లనే మీ అమ్మను అడిగి తేల్చుకో.