పరస్థలపు చదువు – ఇంటి భాష

గడచిన వేసవి సెలవులలో యువజన కార్యక్రమమున మాటలాడుటకై నల్లగొండ ప్రాంతపు విద్యార్థి యొకడు మా కేంద్రమునకు వచ్చెను. అతడు మూడేండ్లుగా పుణెలో చదువుచున్నాడు. రికార్డింగు గది ఖాళీ యగువరకు వసారాలో కూర్చుండి మాటలాడుకొనుచుండగా అతడొక సంగతి చెప్పెను. వసతిగృహమున ఉన్నప్పుడు ఇంటినుండి తల్లి ఫోను చేసినచో, గది విడిచి మెట్ల దగ్గరకు పోయి, గొంతు తగ్గించి మాటలాడునట. ఎందులకని అడిగితిమి. "మా ఊరి మాట నలుగుట్ల మాట్లాడాలంటె నామోషైతది సార్" అనెను.

ఆ మాట మమ్ములను చాల దినములు విడువలేదు. చదువుకై పరస్థలమునకు పోవువాడు ఇంటి భాషను వెంట తీసికొని పోవునా, గడపలో విడిచి పోవునా? ఇది నేటి ప్రశ్న కాదు. నల్లగొండ, మహబూబ్‌నగరము మండలముల చరిత్రలో ఈ ప్రశ్న నూరేండ్లకు మునుపే పుట్టినది. దానికి గొప్ప జవాబులును వచ్చినవి. వానిలో కొన్నిటిని ఇచట జ్ఞాపకము చేయుట మా ఉద్దేశము.

నైజాము ఏలుబడిలోని తెలుగువానికి ఆ దినములలో నాగపురము, పూనా, మద్రాసు నిజముగా పరదేశములే. ఇచట చెల్లు హాలీ సిక్కా అచట చెల్లదు. బ్రిటిషు రూపాయిని మనవారు కల్దారు అనెడివారు. సుమారు ఏడు హాలీ రూపాయలిచ్చిన ఆరు కల్దారు రూపాయలు వచ్చెడివి. తపాలా బిళ్లలు సయితము వేరు. ఉన్నత విద్యకు హైదరాబాదున 1887లో ఏర్పడిన నిజాము కళాశాల యొకటి ఉండెను గాని, న్యాయశాస్త్రమో, ప్రత్యేక విద్యయో కోరువారు తరచుగా ఎల్లలు దాటవలసివచ్చెడిది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. అచట బోధనాభాష ఉర్దూ. పల్లెలో తెలుగున పెరిగిన బాలుడు ఇంటనుండి బయలుదేరి ఏ దిక్కునకు పోయినను, పరభాష ద్వారముననే చదువులో ప్రవేశింపవలసి యుండెను.

ఈ దారిన ముందు నడిచినవారిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారిని మొదట చెప్పుకొనవలెను. ఆయన 1877లో కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. సవతి అన్నగారి ఆశ్రయమున నల్లగొండ మండలపు భువనగిరిలో బాల్యము గడచెను. కోట గుట్ట నీడనున్న ఆ ఊరినుండి ఆయన నాగపురమునకు చదువుకై పోయెను. అచట ఆయనకు అండ అక్కగారు భండారు అచ్చమాంబ, బావగారు మాధవరావు. మాధవరావు గారు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి.

నాగపురము ఆనాడు మధ్యపరగణాలకు రాజధాని. 1867 నాటికే బొంబాయి రైలు అచటికి చేరెను. లక్ష్మణరావు గారు పుట్టిన 1877వ సంవత్సరము జనవరి 1వ తేదీననే జంషెడ్జీ టాటా అచట ఎంప్రెస్ బట్టల మిల్లును ప్రారంభించెను. ప్రత్తి బేరము, మిల్లు కూతలు, కచ్చేరీలు, మరాఠీ హిందీ కలగలసిన వీధి మాటలు – భువనగిరి బాలునికి అదియొక క్రొత్త ప్రపంచము. భువనగిరికి రైలు ఉన్నను, కాజీపేట బల్లార్షా మార్గము 1929 ప్రాంతముననే పూర్తియైనది గనుక, ఆ దినములలో తెలంగాణమునుండి రైలున నాగపురము పోవలెనన్న వాడీ, మన్మాడుల మీదుగా పడమట చుట్టి రావలసినదే.

ఆ యింట జరిగిన మరియొక చదువును గూర్చి చెప్పక తప్పదు. అచ్చమాంబ గారికి బడి చదువు లేదు. తమ్ముడు పాఠములు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమె అక్షరములు నేర్చుకొనెను. పిమ్మట హిందీ, మరాఠీ మొదలైన భాషలను అభ్యసించెను. ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించెను. 1902లో ప్రకటించిన 'ధనత్రయోదశి' తెలుగున వెలసిన తొలి కథలలో ఒకటిగా నేడు పరిగణింపబడుచున్నది. 1905లో బిలాసపురమున ప్లేగు రోగులకు సేవచేయుచు ఆమె ముప్పదియొక్క యేండ్లయిన నిండకుండ కన్నుమూసెను. పరస్థలపు కాపురమున, తెలుగు మాటలాడువారు అరుదైన చోట, ఆమె తెలుగుననే వ్రాసెనను సంగతి మనము గమనింపవలెను.

లక్ష్మణరావు గారు మరాఠీలో చక్కని పండితుడాయెను. ఆ భాషలో వ్యాసములు ప్రకటించెను. మహారాష్ట్రులు తమ చరిత్రను తమ భాషలో వెదకి వ్రాసికొనుట, పత్రికల ద్వారమున సామాన్యులకు లోకవ్యవహారము తెలియజెప్పుట ఆయన కండ్లారా చూచెను. 1881లో తిలకు మొదలగువారు పూనాలో స్థాపించిన 'కేసరి' అప్పటికే ఇంటింటి మాట. చూచినవాడు రెండు విధముల తలపవచ్చును. "మా భాషకు ఇంతటి భాగ్యము లేదు గదా" యని సిగ్గుపడి దానిని విడిచిపెట్టవచ్చును. లేదా, "ఇది మాకును ఏల కారాదు?" అని పనికి పూనవచ్చును. లక్ష్మణరావు గారు రెండవ దారి పట్టెను. మరాఠీ నేర్చిన ఆ యువకుడు శివాజీ చరిత్రమును వ్రాసినది తెలుగున.

1900లో కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం.ఏ. పరీక్షయందు ఉత్తీర్ణుడై, ఆయన మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు గారి కడ దివానుగా చేరెను. మునగాల పరగణా ఆనాడు బ్రిటిషు వారి కృష్ణా మండలమునకు చెందినదైనను, దాని చుట్టును ఉన్నది నైజాము నేలయే. ఒక్క సంవత్సరము గడచినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావు గారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము ఆరంభమాయెను. రాజా గారి ధనము, రంగారావు గారి ఇల్లు, లక్ష్మణరావు గారి సంకల్పము కలిసి నిలిపిన గ్రంథాలయమది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసెను. తెలుగున చరిత్రలు, జీవితచరిత్రలు, ప్రకృతిశాస్త్ర గ్రంథములు తక్కువ వెలకు అందించుట దాని పని. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాము లింకను చరిత్రము దాని తొలి ప్రచురణ. అటుపిమ్మట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, అది తొలి అక్షరములు దాటకుండగనే 1923 జూలైలో లక్ష్మణరావు గారు మద్రాసున పరమపదించెను.

ఇక పాలమూరు వైపు చూతము. కల్వకుర్తి ప్రాంతపు పడకల్లున 1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావు గారు పూనా ఫెర్గూసన్ కళాశాలలో బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివెను. అలంపురము దాపున ఇటిక్యాలపాటికి చెందిన సురవరము ప్రతాపరెడ్డి గారు కర్నూలున సంస్కృతము, హైదరాబాదున ఎఫ్.ఏ., మద్రాసున బి.ఏ. చదివెను. వీరు తిరిగివచ్చునప్పటికి తెలుగువాని స్థితి హైదరాబాదున ఎట్లుండెను?

1921 నవంబరున వివేకవర్ధని థియేటరులో సంఘసంస్కరణ సభ జరిగినది. పూనా నుండి వచ్చిన కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను ఓపికతో వినిన సభ, అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగున మాటలాడ లేచినంతనే అల్లరి చేసి ఆయనను కూర్చుండబెట్టినది. మా విద్యార్థి మెట్ల దగ్గర గొంతు తగ్గించుకొనుటకును, ఆనాటి సభకును చుట్టరికము లేకపోలేదు. అయితే ఆ అవమానము భరింపలేక సభనుండి లేచిపోయిన వారు ఊరకుండలేదు. ఆ నవంబరు 12వ తేదీననే ఆంధ్రజన సంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు గారితోపాటు బూర్గుల వారును దాని స్థాపకులలో ఒకరు.

ప్రతాపరెడ్డి గారు రెడ్డి వసతిగృహపు భారము వహించెను. ఆ వసతిగృహమును 1918లో నెలకొల్పిన రాజాబహద్దూరు వెంకటరామారెడ్డి గారును వనపర్తి సంస్థానపు బిడ్డయే. పల్లెలనుండి వచ్చిన పిల్లలకు అది హైదరాబాదున ఒక పుట్టిల్లు. భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి గారు అచట ఉండి చదివినవారే. 1926 మే 10న ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను వెలువరించెను. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఎవరో అనినప్పుడు ఆయన వాదమునకు దిగక, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి చూపెను. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్రము'నకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. అప్పటికి ఆయన గతించి రెండేండ్లాయెను. బూర్గుల వారు 1952లో హైదరాబాదు రాష్ట్రపు ముఖ్యమంత్రి యైనను, పారసీక కవిత్వమును తెనిగించుట మానలేదు.

నాగపురము మన చరిత్రలో మరియొక మారు కనబడుచున్నది. లక్ష్మణరావు గారు గతించిన 1923వ సంవత్సరముననే నాగపుర విశ్వవిద్యాలయము ఏర్పడెను. పదునైదేండ్లకు, 1938 చివరలో, ఉస్మానియా వసతిగృహములలో విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరము పాడిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు లొంగక సమ్మె చేసిరి, వందలకొలది బహిష్కృతులైరి. ఇతర విద్యాలయములు వెనుకాడుచుండగా, నాగపుర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు కేదారు గారు వారిని చేర్చుకొనెను. ఇంటికి పోవ వీలులేక, చదువు విడువ మనసొప్పక, ఉర్దూలో నేర్చిన పాఠములను ఇంగ్లీషులో మరల మొదలిడిన ఆ బాలుర కష్టమును ఊహించుట సులభము. వారు పోగొట్టుకొనిన సంవత్సరమును ఎవరును తిరిగి ఇయ్యలేదు.

ఒక్క మాట దాచరాదు. ఈ చదువులు అందరికి అందినవి కావు. భూవసతియో, ఉద్యోగపు ఆధారమో ఉన్న కుటుంబముల వారికే ఎల్లలు దాటు భాగ్యము కలిగెను. బోరులు లేని ఆ మెట్టనేలలలో ఆముదాలు, జొన్నలు పండించి శిస్తు కట్టినవారి పిల్లలలో పెక్కుమంది బడి ముఖమే చూడలేదు. కనుకనే, పోయి చదివినవారు తెచ్చినది తమ యింటనే ఉంచుకొనక గ్రంథాలయముగా, పత్రికగా, అగ్గువ పుస్తకముగా నలుగురి యెదుట పెట్టుట మాకు పెద్ద సంగతిగా తోచుచున్నది. పట్టణము వారికి పట్టా నిచ్చెను. దానితోపాటు తమ ఊరిని దూరమునుండి చూచు కన్నును ఇచ్చెను. ఆ కంటికి ఊరి లోపములు కనబడెను, భాష మాత్రము లోపముగా కనబడలేదు.

ఈ సంగతులన్నియు ఆ విద్యార్థికి చెప్పుటకు నాడు వ్యవధి లేకపోయెను. రికార్డింగు గది ఖాళీ యాయెను. అతడు వ్రాసి తెచ్చిన కాగితములలో సగము ఇంగ్లీషు, తక్కినది పాఠ్యపుస్తకపు తెలుగు. వానిని ప్రక్కన పెట్టి, పుణె సంగతులు అమ్మకు ఎట్లు చెప్పుదువో అట్లే చెప్పుమంటిమి. అతడు కొంచెము తడబడి, తన ఊరి మాటలోనే మొదలుపెట్టెను. అద్దము వెనుకనుండి మా ఇంజనీరు, ఇంకొంచెము గట్టిగా అని చేయెత్తి సైగ చేసెను. అతడు గొంతు పెంచెను.