హైదరాబాదు వైద్య పాఠశాల

నిజాం రాజ్యంలో పాశ్చాత్య వైద్యం నేర్పిన తొలి సంస్థ. ఇప్పటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం ఇదే. బ్రిటిషు రెసిడెన్సీ వైద్యుడు విలియం కాంప్‌బెల్ మెక్లీన్ పథ్యంతో నాలుగవ నిజాం నాసిరుద్దౌలా జబ్బు నయం చేశాడనీ, ఆ మెప్పుతోనే 1846లో పాఠశాల వెలిసిందనీ చెబుతారు. బోధన ఉర్దూలో సాగేది. ఉత్తీర్ణులకు యునానీ వైద్యుల మాదిరే 'హకీం' బిరుదు ఇచ్చేవారు. 1866లో తెరిచిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి విద్యార్థులకు పని నేర్పిన చోటు.

1885లో ఎడ్వర్డ్ లారీ ప్రధానాచార్యుడయ్యాక పాఠశాల పేరు దేశాలు దాటింది. బోధన ఇంగ్లీషుకు మారింది, ఆడపిల్లలకూ ప్రవేశం దొరికింది. క్లోరోఫాం మత్తులో రోగి చనిపోతే ముందు ఆగేది గుండెయా, శ్వాసా అన్నది అప్పటి పెద్ద వివాదం. నాడితో పనిలేదు, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలని లారీ పట్టు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888, 1889లలో రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు జంతువులపై ప్రయోగాలు చేశాయి. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించడానికి నిజాం వెయ్యి పౌండ్లిచ్చాడు. తీర్పు లారీ పక్షానే వచ్చింది. అయితే క్లోరోఫాం నేరుగా గుండెనూ ఆపగలదని 1911లో పరిశోధకుడు ఎ. జి. లెవీ నిరూపించాడు. సిద్ధాంతం వీగిపోయినా, మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిపై చూపు నిలపాలన్న శిక్షణ మాత్రం మేలైనదే.

ఆ రోజుల్లో ఇక్కడే చదివి 'హకీం' అయిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు వైద్యాన్నే వృత్తిగా ఎంచుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను పేర్కొంటారు.

1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. 1920లలో పాఠశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద కళాశాల అయింది. వైద్యపట్టా చదువు మళ్లీ ఉర్దూలో నడిచింది. నిజాం పాలన ముగిశాక ఇంగ్లీషు తిరిగొచ్చింది.

ఈ కళాశాలతో సహా దేశంలో వైద్యవిద్యా ప్రమాణాల అదుపు 1933 చట్టంతో భారత వైద్య మండలికి, 2020 నుంచి జాతీయ వైద్య కమిషన్‌కు దక్కింది. నేడు ఎంబీబీఎస్ ప్రవేశం నీట్ ర్యాంకుతో. చదువు నాలుగున్నరేళ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. రాష్ట్ర వైద్య మండలిలో పేరు నమోదయ్యాకే సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. కళాశాల ప్రస్తుతం వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది.