1948ని ఒక్క పుస్తకంతో సరిపెట్టొద్దు

ఏటా సెప్టెంబర్ 17 దగ్గర పడగానే హైదరాబాద్‌లో ఒక పేరు కోసం పోట్లాట మొదలవుతుంది. ఆ రోజు విమోచనమా, విలీనమా, విద్రోహమా? ఒక్కో పార్టీది ఒక్కో ఫ్లెక్సీ. మనలో చాలామందికి 1948 గురించి తెలిసింది ఆ ఫ్లెక్సీల మీదా, వాట్సాప్ ఫార్వర్డుల్లోనూ ఉన్నంత మేరకే. అందుకని ఈమధ్య ఆ కాలం మీద వచ్చిన నవలల్నీ, నవలలు కాని పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. వీటిలో ఏ ఒక్కటీ సరిపోదు. జతలుగా చదివితే మాత్రం ఒకటి వదిలేసింది రెండోదాంట్లో దొరుకుతుంది. ఆ జతలేమిటో చెప్తాను.

మొదటి జత, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955), స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986). ఆళ్వారుస్వామి ఒకప్పుడు వంటపని చేసి బతికిన మనిషి. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి ఊళ్ళకు చేర్చారు. నిజాం రాజ్యంలో ఒక తెలుగు పుస్తకం చేతికివ్వడమే రాజకీయం. నవలలో కంఠీరవం అలాంటి చైతన్యం నుంచి వచ్చినవాడే. దొర, వెట్టి, భూమి, ఆంధ్ర మహాసభ, అన్నీ కళ్ళ ముందు కదులుతాయి. శైలి కాస్త పాతగా అనిపించొచ్చు, ఓ ఇరవై పేజీలు ఓపిక పట్టండి.

అది ముగించగానే రెండోది తీయండి. సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిన పుస్తకమది. పాలకుర్తిలో తన పొలంలో పండిన పంట విసునూరు దేశ్‌ముఖ్ పాలు కాకుండా నిలబడ్డ చిట్యాల ఐలమ్మ అందులో మాట్లాడుతుంది. ఆమె 1985లో చనిపోయింది, పుస్తకం ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ఆ గొంతు మనదాకా వచ్చేది కాదు. నవలలో ఊరిని కదిలించేది చదువుకున్న యువకుడు. ఇక్కడ బడి మొహం చూడని ఆడమనిషి, తన చెమట పోసి పండించిన వడ్లు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించాక ఆడవాళ్ళను మళ్ళీ ఇళ్ళకు పొమ్మన్నారన్న బాధ కూడా ఈ పుస్తకంలోనే వినిపిస్తుంది.

రెండో జత, కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే', కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' (2012). మొదటిది తెలుగులో 'జైత్రయాత్ర' పేరుతో వచ్చింది. 'మా భూమి' సినిమాకు మూలం ఇదే. తెల్లారితే ఉరి. జైల్లో ఆ రాత్రి రాఘవరావు అనే కుర్రాడు తన జీవితాన్ని తలచుకుంటాడు. ఒక్క రాత్రిలో చదివేయొచ్చు, చదివాక నిద్ర పట్టకపోవచ్చు. అయితే ఈ నవల వీరుడికి ఒక సౌకర్యం ఉంది. అతను ఆ తర్వాతి రోజులు బతకక్కర్లేదు.

కోటేశ్వరమ్మ బతికారు, వందేళ్ళు. అజ్ఞాతవాసం అయిపోయాక భర్త దూరమయ్యాడు. పెద్ద వయసులో చదువుకుని, కాకినాడలో హాస్టల్ ఉద్యోగం చేసి పొట్ట పోసుకున్నారు. కొడుకునూ, కూతుర్నీ పోగొట్టుకున్నారు. ఇంత జరిగినా పుస్తకంలో ఏడుపు తక్కువ. ఉద్యమాన్ని తిట్టిపోయరు, పూజించరు కూడా. విప్లవం ముగిసిన మర్నాడు పొయ్యి ఎలా వెలిగింది? ఆ ప్రశ్నకు నవలల కంటే ఈ సన్నటి పుస్తకమే బాగా జవాబిస్తుంది.

మూడో జతే అసలు ఇబ్బంది పెట్టేది. పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్రలో 3 వేల గ్రామాలు, పంచిన 10 లక్షల ఎకరాలు, ప్రాణాలిచ్చిన 4 వేల మంది కనిపిస్తారు. అది పార్టీ నాయకుడు రాసిన పార్టీ లెక్క. దాని పక్కన ఎ.జి. నూరానీ ఇంగ్లీషు పుస్తకం 'ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్' (2013) పెట్టండి. దశాబ్దాల పాటు ప్రభుత్వం బయటపెట్టని సుందర్‌లాల్ కమిటీ నివేదిక అందులో ఉంది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని కమిటీ అంచనా. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. రజాకార్లు అంతకుముందు చేసిన దుర్మార్గాలనూ కమిటీ దాచలేదు. నూరానీ లాయరు, ఆయన చూపు ఢిల్లీ, హైదరాబాద్ పెద్దల మీదే. ఐలమ్మ లాంటివాళ్ళు ఆయనకు దాదాపు కనిపించరు. సుందరయ్య పుస్తకంలో ఊళ్ళుంటాయి, ఈ చావులకు మాత్రం చోటు తక్కువ.

ఎందుకిలా? ఆ నాలుగు జిల్లాల పేర్లు చూస్తే నాకు ఒక కారణం తట్టింది. నివేదిక ప్రకారం అన్నిటికంటే దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, నాందేడ్, గుల్బర్గా, బీదర్. అన్నీ మరాఠీ, కన్నడ జిల్లాలు. హైదరాబాద్ రాష్ట్రంలో 16 జిల్లాలుంటే తెలుగువి ఎనిమిదే. మన నవలలు మన ఎనిమిది జిల్లాల కథే చెప్పాయి. అది తప్పని కాదు, రచయిత తనకు తెలిసిన ఊరి గురించే రాస్తాడు. కానీ ఆ సగాన్నే మనం మొత్తం అనుకున్నాం. సెప్టెంబర్ 17కి పేరు పెట్టే హక్కు కూడా మనదే అనుకున్నాం.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, 'నిర్జన వారధి' ముందు చదవండి, నూరానీని చివరికి ఉంచుకోండి. మధ్యలో ఊపిరి తీసుకోవాలనిపిస్తే నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలున్నాయి. నగరంలో పక్కపక్క ఇళ్ళలో బతికిన హిందువులూ ముస్లింలూ వాటిలో మామూలు మనుషుల్లా కనిపిస్తారు. ఇక నాందేడ్, బీదర్ వైపు నుంచి మరాఠీలోనో కన్నడలోనో వచ్చిన మంచి పుస్తకం మీకేదైనా తెలిస్తే చెప్పండి. నా అరలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.