కంఠస్వరంలో భావోద్వేగాల గుర్తింపు (బౌద్ధిక వైకల్యం)

మాట్లాడేవారు సంతోషంగా ఉన్నారో, కోపంగా ఉన్నారో, భయపడుతున్నారో మాటల అర్థాన్ని బట్టే కాక గొంతును బట్టి కూడా తెలుసుకోవడాన్ని కంఠస్వరంలో భావోద్వేగాల గుర్తింపు అంటారు. బౌద్ధిక వైకల్యం గల వయోజనులకు ఇటువంటి పరీక్షలలో అదే వయసు గల ఇతరుల కంటే సాధారణంగా తక్కువ ఫలితాలు వస్తాయి. దీనికి కారణం భావాన్ని గ్రహించలేకపోవడమా, లేక పరీక్షా పద్ధతా అన్నది ఈ రంగంలోని ప్రధాన చర్చ.

బౌద్ధిక వైకల్యం
ప్రజ్ఞాలబ్ధి సుమారు 70 లేదా అంతకు తక్కువగా ఉండి, దైనందిన జీవన నైపుణ్యాలలో కూడా పరిమితులు ఉండడాన్ని బౌద్ధిక వైకల్యం అంటారు. ఇది ఎదిగే వయసులోనే మొదలవుతుంది. పూర్వం దీనిని బుద్ధిమాంద్యం అనేవారు.

స్వరంలోని సూచనలు
గొంతు హెచ్చుతగ్గులు, మాట వేగం, విరామాలు, ఊనిక భావాన్ని తెలుపుతాయి. కోపంలో సాధారణంగా గొంతు పెద్దదవుతుంది. విచారంలో గొంతు తగ్గి మాట నెమ్మదిస్తుంది. "బాగానే చేశావు" అన్న మాట మెచ్చుకోలో, దెప్పిపొడుపో తేల్చేది పలికిన తీరే.

పరీక్షలు, వాటి పరిమితులు
సాధారణంగా ఒకే వాక్యాన్ని వేర్వేరు భావాలతో పలికించి వినిపిస్తారు. విన్నవారు ఆ భావం పేరు చెప్పాలి, లేదా తగిన ముఖచిత్రాన్ని చూపాలి. ఇందుకు విన్నదానిని గుర్తుంచుకోవడం, భావాల పేర్లు తెలియడం, కొన్నింటిలో ఒకదానిని ఎంచుకోవడం కూడా అవసరం. అందువలన విన్నది ఆడగొంతా, మగగొంతా వంటి ప్రశ్నలను కూడా అదే పద్ధతిలో అడిగి పోల్చాలి. రెండింటిలోనూ తడబడితే లోపం భావగ్రహణానికే పరిమితమైనదని చెప్పలేము.

ఈ చర్చ మొదట ముఖకవళికల అధ్యయనాలలో పెరిగింది. బౌద్ధిక వైకల్యంలో భావాల గుర్తింపుకు సంబంధించి ప్రత్యేకమైన లోపం ఉన్నదని 1995లో యోహానెస్ రోయాన్, సహపరిశోధకులు ప్రతిపాదించారు. జ్ఞాపకశక్తి, అవధానం వంటి ఇతర కారణాలతో కూడా ఆ ఫలితాలను వివరించవచ్చని 2001లో డెరెక్ మూర్ తన సమీక్షలో వాదించాడు.

వినికిడి మరొక ముఖ్యాంశం. డౌన్ సిండ్రోమ్ గలవారిలో వినికిడి లోపం తరచుగా కనిపిస్తుంది. కనుక ముందు వినికిడిని పరీక్షించకుండా ఫలితాలను అంచనా వేయడం సరికాదు.

ప్రాముఖ్యత
తియ్యని మాటల వెనుక ఉన్న ఎగతాళిని, బెదిరింపును పసిగట్టలేనివారు మోసానికి, వేధింపులకు సులభంగా గురి కావచ్చు. మరొకవైపు, భావం పేరు చెప్పలేనివారికి ఆ భావం తెలియదని అనుకోవడం కూడా పొరపాటే. "కోపం" అన్న పదం చెప్పలేని వ్యక్తి కసురుకునే గొంతు విని ముడుచుకుపోవచ్చు. అందుచేత సంరక్షకులు సమాధానాలనే కాక ప్రవర్తనను కూడా గమనించడం, చిన్న వాక్యాలలో, మాటకు తగిన స్వరంతో మాట్లాడడం మేలు.