వడమాలపేట ప్రాంతం: సమాజ పరిణామ చరిత్ర

తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో ఉన్న మండల కేంద్రం వడమాలపేట. ఒకవైపు స్వర్ణముఖి నది, మరోవైపు నగరి కొండలు. వేట బతుకు నుంచి బోరుబావి సేద్యం దాకా మనిషి నడిచిన దారికి ఆనవాళ్లు ఈ చుట్టుపక్కలే దొరుకుతాయి.

రేణిగుంట దగ్గర రాళ్లకాలువ ఒడ్డున పాత రాతియుగపు చివరి దశకు చెందిన పనిముట్లు బయటపడ్డాయి. రాతిని సన్నగా చీల్చి చేసిన కత్తులు, ఉలి మొనలు అవి. పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి 1960ల్లో వాటిని పరిశీలించి ప్రకటించారు. ఇంకా వెనక్కి పోతే, తమిళనాడు సరిహద్దుకు అవతలి అత్తిరంపాక్కంలో దొరికిన చేతిగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని తేలింది.

వేట, సేకరణ అంతటితో ముగిసిపోలేదు. చేపలు పట్టడం, తేనె, మూలికలు సేకరించడం, కోతలయ్యాక ఎలుక బొరియల్లోని గింజలు తవ్వి తీయడం యానాది తెగవారు మొన్నమొన్నటిదాకా నిలుపుకున్న విద్యలు. వాటిని వెనుకబాటు అనడం తప్పు. నేల గురించి అంత సూక్ష్మమైన ఎరుక రైతుకు కూడా అరుదు.

ఇక సేద్యం విషయానికొస్తే, స్వర్ణముఖి ఒడ్డున గుడిమల్లంలోని శివలింగాన్ని చాలామంది పండితులు క్రీస్తు పూర్వపు శతాబ్దాలకు చెందినదిగా భావిస్తారు. అలాంటి శిల్పం చెక్కించాలంటే శిల్పిని పోషించగల మిగులు పంట ఊళ్లో ఉండాలి. ఆ మిగులుకు ఆధారం నీరు. రేణిగుంట, అప్పలాయగుంట వంటి ఊరి పేర్లలోనే గుంట, అంటే చిన్న చెరువు, ఉంది.

విజయనగర కాలంలో ఈ నీటి వ్యవస్థ బాగా విస్తరించింది. తిరుమల శాసనాల ప్రకారం, భక్తులు సమర్పించిన ధనంతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటతో స్వామికి నైవేద్యం. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. భక్తి, పెట్టుబడి, సేద్యం ఇంత చక్కగా ముడిపడిన ఏర్పాటు అరుదు. చెరువు కట్టి కాపాడినవారికి దశబంధం అనే భూమి ఇనాం ఉండేది. తూము తెరిచి వంతుల వారీగా నీళ్లు పారించే పని నీరుగంటిది.

కార్వేటినగరం జమీందారీ, బ్రిటిషు ఉత్తర ఆర్కాటు జిల్లా, 1862లో రేణిగుంట చేరిన రైలు, 1911లో చిత్తూరు జిల్లా, 2022లో తిరుపతి జిల్లా: పాలన, రవాణా ఇలా మారుతూ వచ్చాయి. ఊరి బతుకును వీటన్నిటికన్నా లోతుగా మార్చింది కరెంటు మోటారు. చెరువు నీళ్లు ఊరందరివి, వంతుకు కట్టుబడినవి. బోరు నీళ్లు తవ్వించుకున్నవారివి. బోర్లు పెరిగేకొద్దీ కట్ట మరమ్మతుకు మనుషులు కూడడం తగ్గింది, నీరుగంటికి పని తగ్గింది. భూమి లేనివారికి ఆ నీటిలో వంతే లేదు.