ఢాకాలో, టోక్యోలో పుట్టిన రోజువారీ ఇంగ్లీషు

బస్టాండు పుస్తకాల కొట్లో ‘ముప్పై రోజుల్లో ఇంగ్లీషు’ రకం పుస్తకం ఏది తిరగేసినా సరుకు ఒకటే. రోజూ వాడే మాటలు కొన్ని, నలుగురి నోళ్లలో నానే పలుకుబళ్లు కొన్ని. ముందు అవసరమయ్యే మాట ముందు నేర్పాలన్న ఈ పద్ధతికి గట్టి పునాది పడింది ఇంగ్లండులో కాదు, ఢాకాలో, టోక్యోలో. ఇంగ్లీషు తమ ఇంటి భాష కాని పిల్లలకు చెప్పలేక తల పట్టుకున్న మాస్టార్లే దీన్ని తయారుచేశారు.

మైకేల్ వెస్ట్ ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపినవాడు. బెంగాలీ పిల్లల్లో చాలామంది చదువు మధ్యలోనే మానేయడం ఆయన కళ్లారా చూశాడు. బీమా పాలసీ మధ్యలో వదిలేసినా ఎంతో కొంత చేతికొస్తుంది, దాన్ని ‘సరెండర్ వాల్యూ’ అంటారు. చదువుకూ అలాంటిది ఉండాలని ఆయన వాదన. మూడేళ్లకే బడి మానేసినవాడు కూడా ఆ మూడేళ్ల ఇంగ్లీషుతో ఏదో ఒకటి చదువుకోగలగాలి. అప్పటి వాచకాలేమో ‘ఐల్’, ‘ఎర్’, ‘నాట్’ (nought) లాంటి కావ్యాల మాటలతో నిండి ఉండేవి. వెస్ట్ వాటిని తీసేసి ‘ఐలాండ్’, ‘బిఫోర్’, ‘నథింగ్’ పెట్టాడు. కొత్త మాటలన్నీ ఒకే పేజీలో కుమ్మరించకుండా దూరందూరంగా సర్ది, వచ్చిన మాట మళ్లీ మళ్లీ ఎదురయ్యేలా పాఠాలు తిరగరాశాడు. 1935లో ఎండికాట్ అనే సహరచయితతో కలిసి తెచ్చిన నిఘంటువులో దాదాపు 24,000 మాటలకూ పలుకుబళ్లకూ 1,490 మాటలతోనే అర్థాలు చెప్పాడు. అర్థం వెతకబోతే దానికి మరో అర్థం వెతుక్కునే అవస్థ తప్పింది.

అదే కాలంలో టోక్యోలో హెరాల్డ్ పామర్‌కు ఇంకో చిక్కు ఎదురైంది. జపాన్ ప్రభుత్వం పిలుపుమీద 1922లో వెళ్లి, మరుసటి ఏడు అక్కడ ఇంగ్లీషు బోధన పరిశోధన సంస్థ పెట్టాడాయన. విద్యార్థిని పడగొట్టేది గంభీరమైన పదాలు కావని త్వరలోనే తేలింది. ‘గివ్’ తెలుసు, ‘అప్’ తెలుసు. ‘గివ్ అప్’ అనగానే వాడు బిక్కమొహం వేస్తాడు. ఇలా జంటకట్టే మాటల్ని పోగేస్తే వేలల్లో తేలాయి. 1933లో వాటిమీద ఒక నివేదికే వెలువడింది. ఆ పనిలో తోడున్న ఎ.ఎస్. హార్న్‌బీ, పామర్ వెళ్లిపోయాక విద్యార్థుల కోసం ఒక నిఘంటువు తయారుచేసే బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. ‘టెల్ మీ’ ఒప్పయితే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు తప్పు? మన క్లాసుల్లో నేటికీ తెగని ఈ తగువును తీర్చడానికి ఆయన క్రియల్ని వాడుక తీరునుబట్టి 25 వరసలుగా విడగొట్టాడు. ఏ నామవాచకాన్ని లెక్కపెట్టొచ్చో, దేన్ని లెక్కపెట్టకూడదో గుర్తులు పెట్టాడు. ‘ఫర్నిచర్స్’ అనేవాళ్ల కోసమే అన్నట్టు!

ఆ నిఘంటువు 1942లో, యుద్ధం నడుమ, టోక్యోలోనే అచ్చయింది. శత్రుదేశపు భాషకు ఆ ఊళ్లో, ఆ ఏడాది నిఘంటువు రావడం విడ్డూరమే. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని 1948లో ఉన్నదున్నట్టు మళ్లీ వేసింది. మన కాలేజీ కుర్రాళ్లు ‘అడ్వాన్స్‌డ్ లెర్నర్స్’ అని కొనుక్కునే లావుపాటి పుస్తకానికి మూలం అదే.

వెస్ట్ మటుకు లెక్కల దారిలోనే సాగాడు. 1953 నాటి ఆయన జాబితాలో సుమారు 2,000 మాటలున్నాయి. ఒక్కో మాట ఏ అర్థంలో నూటికి ఎన్నిసార్లు వస్తుందో కూడా పక్కనే వేశాడు. తర్వాత, 1958లో, మన హైదరాబాదులోనూ ఇంగ్లీషు బోధనకు ఒక కేంద్ర సంస్థ వెలిసింది. అదే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ).

ఇంత జరిగినా మన గైడ్లు ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ బట్టీ పట్టించడం మానలేదు. వానొస్తే ఆ మాట అనే దొర ఇప్పుడు ఎక్కడున్నాడో గానీ, మన పరీక్ష పేపర్లో మాత్రం కచ్చితంగా ఉంటాడు. ఏ మాట ఎంతగా వాడుకలో ఉందో తేల్చడానికే బర్మింగ్‌హామ్‌లో భాషావేత్త జాన్ సింక్లెయిర్ బృందం నిజంగా జనం రాసిన, మాట్లాడిన లక్షలాది మాటల్ని కంప్యూటర్‌కెక్కించి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చింది. అందులో తేలిన సంగతుల్లో ఒకటి: ‘బ్యాక్’ అనేది ‘వెనక్కి, తిరిగి’ అన్న అర్థంలో వచ్చినంతగా ‘వీపు’ అన్న అర్థంలో రాదు. మన పాకెట్ డిక్షనరీల్లో చాలావాటికి ఇంకా వీపే ముందు.